సహజంగా ఉండడమంటే

మా సైన్సు వాళ్ళకు వ్యాసం రాయడం చేతకాదని ఆర్ట్సు మిత్రులకు ఒక గట్టి నమ్మకం. ఆ నమ్మకం తప్పని రుజువు చేయడానికి నేను కలం పట్టలేదు. యూనియన్ వాళ్ళు సంచిక కోసం ఏదో ఒకటి రాయమని మెస్సు గుమ్మం దగ్గర పట్టుకున్నారు. దాదాపు ఏడాదిగా ఒక సంగతి నా మనసులో నలుగుతోంది కాబట్టి సరేనన్నాను. రాసేది రికార్డు పుస్తకం రాసినట్లు ఉంటే పాఠకులు మన్నించాలి. పరికరాలు, విధానం, ఫలితం అన్న వరుస తప్ప మాకు వేరే వరుస ఎవరూ నేర్పలేదు.

ఈ సంవత్సరం కొత్త విద్యార్థుల స్వాగత సభలో మాట్లాడిన పెద్దలొకరు "మీరంతా సహజంగా ఉండండి, కృత్రిమత్వం వద్దు" అని మూడుసార్లు చెప్పారు. ఆయన ఆ మాట అన్న ప్రతిసారీ ముందు వరసల్లో కూర్చున్న కొత్తవాళ్ళు ఇంకొంచెం బిగుసుకుపోవడం నేను పక్కనుంచి చూశాను. ఒకడు చేతులు కట్టుకున్నాడు, విప్పాడు, మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు, చివరికి వాటిని ఏం చేయాలో తోచక తొడల కింద దాచుకున్నాడు. రెండేళ్ళ కిందట అదే హాల్లో నా చేతుల పరిస్థితీ అంతే. నిద్రపొమ్మని గట్టిగా అరిస్తే వచ్చే నిద్ర కూడా పోతుంది. సహజంగా ఉండమని మైకులో చెబితే జరిగేది అదే.

ఆ రాత్రి హాస్టలుకు వచ్చి ఆలోచించాను. అసలు మనుషులు తడబాటు లేకుండా, తీరుబాటుగా ఉండగా నేను ఎక్కడ చూశాను? వెంటనే మా నాన్న గుర్తొచ్చాడు.

మాది తెనాలి దగ్గర మాగాణి పల్లె. పొద్దున్నే మా నాన్న టీ కొట్టు దగ్గర బల్ల మీద కూర్చుంటాడు. ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చుంటారు. "ఏం, నీళ్ళొచ్చినయ్యా?" అంటారు. కాలవ నీళ్ళ సంగతి. "ఆఁ, రాత్రి వొచ్చినయ్యి." అంతే. తర్వాత అయిదు నిమిషాలు ఇద్దరూ ఏమీ మాట్లాడరు. ఆ మౌనం ఇద్దరిలో ఎవరికీ బరువు కాదు. పది నిమిషాలకు అసలు సంగతి, అప్పో, ట్రాక్టరో, పెళ్ళి సంబంధమో, దానంతటది బయటికొస్తుంది. మన కాంటీనులో ఇద్దరు కొత్తవాళ్ళు ఎదురెదురుగా కూర్చుంటే అయిదు సెకన్లలో ఇద్దరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వస్తాయి. మాట లేకపోవడం ఏదో నేరమైనట్లు.

ఇంకొకటి. మొదటి సంవత్సరం దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మా అమ్మ అన్నం వడ్డిస్తే నేను "థాంక్సమ్మా" అన్నాను. నాలుగు నెలల పట్నవాసపు అలవాటు. ఆవిడ గరిటె చేత్తో పట్టుకునే నా నుదుటి మీద ఇంకో చెయ్యి వేసి, "ఏందిరా, జొరం గానీ వొచ్చిందా?" అన్నది. మన ఇళ్ళల్లో కృతజ్ఞత ఉంది, దానికి మాట లేదు. "ధన్యవాదాలు" వేదికల మీద తప్ప ఎక్కడా వినపడదు. కాని ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు "వెళ్తాను" అంటే తప్పు, "వెళ్ళొస్తాను" అనాలి. ఈ పట్టింపులు మనకు పట్టింపుల్లా కనిపించవు. ఊపిరి పీల్చినట్లు చేసేస్తాం.

ఇదంతా చూసి నేను ఒక నిర్ణయానికి వచ్చాను, పల్లెటూళ్ళో ఉన్నది సహజత్వం, కాలేజీలో ఉన్నది నటన అని. మా హాస్టల్లో ఇలా అనుకునేవాళ్ళు చాలామందే. ఇంగ్లీషు ఒలకబోసేవాణ్ణి చూసి మూతి తిప్పుకోవడం మాకొక ఓదార్పు. తెలుగు మీడియంలో చదివొచ్చినవాడు వైవాలో జవాబు తెలిసీ నోరు పెగలక నిలబడి ఉంటే, పక్కవాడు సగం తెలిసిన జవాబును చిరునవ్వుతో ఒప్పజెప్పి మార్కులు పట్టుకుపోతాడు. అది చూసిన కడుపుమంట ఉంటుంది మరి.

కాని ఆ నిర్ణయం నిలబడలేదు. మొదటి దెబ్బ లాబ్‌లోనే తగిలింది. టైట్రేషన్ మొదటిసారి చేసిన రోజు ఎవరైనా గుర్తు చేసుకోండి. ఎడమచేత్తో బ్యూరెట్ స్టాప్‌కాక్ తిప్పాలి, కుడిచేత్తో ఫ్లాస్కు తిప్పుతూ ఉండాలి, కళ్ళు రంగు మీద ఉండాలి. నా చేతులు రెండూ ఒకదానికొకటి పరిచయం లేనట్లు ప్రవర్తించాయి. ఫినాఫ్తలీన్‌తో లేత గులాబి రంగు రావలసినచోట ముదురు రంగొచ్చి కూర్చుంది, అంటే ఎండ్ పాయింటు దాటిపోయింది. ఇప్పుడు అదే పని పక్కవాడితో క్రికెట్ మాట్లాడుతూ చేస్తున్నాను. చూసేవాళ్ళకు పుట్టుకతో వచ్చినంత సహజంగా ఉంటుంది. "సహజం" అంటే కూడా పుట్టినదన్నమాట. కాని ఏ బిడ్డా బ్యూరెట్‌తో పుట్టలేదు. మా నాన్నకు టీ కొట్టు బల్ల మీది తీరుబాటు కూడా ఇలాగే, ఎప్పుడు నేర్చుకున్నాడో మరిచిపోయేంత చిన్నప్పుడు వచ్చి ఉండాలి.

భౌతికశాస్త్ర మిత్రులకు ఇష్టమైన రిచర్డ్ ఫైన్‌మన్ కథ ఒకటుంది. 1939లో ప్రిన్స్‌టన్‌లో చేరిన కొత్తలో డీన్ ఇచ్చిన తేనీటి విందుకు వెళ్ళాడు. ఎక్కడ కూర్చోవాలో తెలియక తత్తరపడుతుంటే డీన్ గారి భార్య టీలోకి మీగడా, నిమ్మకాయా అని అడిగింది. ఆయన రెండూ కావాలన్నాడు. పాలల్లో పులుపు పడి పీహెచ్ 4.6 దగ్గరికి దిగితే కేసీన్ విరిగిపోతుంది. మా అమ్మకు పీహెచ్ తెలియదు గాని ఈ సంగతి తెలుసు. ఆవిడేదో హాస్యానికి తీసుకుని నవ్వేసింది. 1985లో వచ్చిన ఆయన జ్ఞాపకాల పుస్తకానికి ఆవిడ అన్న మాటే పేరైంది. నోబెల్ బహుమతి పొందిన మనిషికే టీ కప్పు దగ్గర చేతులు ఆడలేదంటే మనకు కొంత ధైర్యం. అయితే నాకు దానికంటే నచ్చింది ఆయన తండ్రి సంగతి. ఆ తండ్రి యూనిఫారాల వ్యాపారంలో ఉండేవాడు. పోపు ముందు జనం వంగి నిలబడిన ఫొటో కొడుక్కి చూపించి, ఆయనకూ వీళ్ళకూ తేడా తలమీది టోపీయే అని చెప్పాడట. బట్టలు అమ్మేవాడు కాబట్టి, తొడుక్కునేముందూ విప్పేశాకా మనిషి ఒకడేనని ఆయనకు తెలుసు.

ఇంకో పక్కన మన గిరీశం ఉన్నాడు. 1892లో మొదటిసారి ప్రదర్శించిన కన్యాశుల్కంలో గిరీశం ఎక్కడైనా తడబడ్డాడా? పూటకూళ్ళమ్మ దగ్గరా, మధురవాణి దగ్గరా, అగ్నిహోత్రావధాన్లు ఇంట్లోనూ నీళ్ళల్లో చేపలా తిరిగాడు. తెలుగు సాహిత్యంలో అంత తీరుబాటుగా మసలినవాడు ఇంకొకడు ఉంటాడనుకోను. కాబట్టి తడబాటు లేకపోవడం ఒక్కటే మంచి గుణమని ఒప్పుకోవడం కష్టం. తడబడవలసినచోట తడబడనివాణ్ణి ఏమనాలి?

ఇక్కడిదాకా వచ్చాక రాయడం ఆపేసి నాలుగు రోజులు ఊరుకున్నాను. ఎందుకంటే ఇక రాయవలసింది నా గురించి.

మా ఊళ్ళో కొత్త మనిషి కనిపిస్తే మొదటి ప్రశ్న "ఎవరబ్బాయివి? ఎవరి తాలూకు?" అని. పట్నంలో ఇలా అడిగితే అమర్యాద. నేను చాలాకాలం అది ఒట్టి ఆప్యాయత అనుకున్నాను. ఆప్యాయత లేదనను. కాని ఆ ప్రశ్నకు జవాబు వచ్చేదాకా వచ్చినవాణ్ణి మంచం మీద కూర్చోమనాలా, అరుగు మీదనా, మెట్ల కింద నిలబడనివ్వాలా అన్నది మా వాళ్ళకు తేలదు. జవాబు వచ్చాక అంతా తేలికైపోతుంది. పైన నేను అంతగా మెచ్చుకున్న ఆ తీరుబాటు, ఎవరికి ఎంత చోటో ముందే కొలిచి పెట్టిన చోట పుట్టిన తీరుబాటు. ఆ బల్ల మీద మా నాన్న పక్కన అందరూ కూర్చోరు. కూర్చోని వాళ్ళు అటుపక్క నిలబడి టీ తాగి వెళ్ళిపోతారు. వాళ్ళ సంగతి నేను మొదట రాయలేదు, పాఠకులు గమనించారో లేదో. దాచడానికి కాదు, నాకు గుర్తే రాలేదు.

మా పొలంలో నాట్ల నుంచి నూర్పిళ్ళ దాకా పనిచేసిన పెద్దాయన ఒకడుండేవాడు. నాకు ఆరేళ్ళప్పుడు ఆయనకు అరవై పైమాటే. ఆయన నన్ను "అబ్బాయిగారూ" అనేవాడు. నేను ఆయన్ని పేరుపెట్టి, నువ్వు అని, మా నాన్నను చూసి ఒక్కోసారి "ఏరా" అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను భుజాన ఎక్కించుకుని కాలవ దాటించేవాడు. భుజమ్మీద కూర్చుని "ఏరా" అనేవాణ్ణి. ఇలా పిలవమని నాకు ఎవరూ నేర్పలేదు, వద్దనీ ఎవరూ అనలేదు. ఏకవచనం, బహువచనం అంటే సంఖ్యకు సంబంధించినవని బళ్ళో తెలుగు మాస్టారు చెప్పారు. ఇంట్లో అవి దేనికి సంబంధించినవో మాటలతోపాటే వచ్చేసింది. పదో తరగతిలో ఉండగా ఆయన పోయాడు. ఒక్కసారి కూడా ఆయన్ని మీరు అనలేదు.

ఆయన మనమడు ఇప్పుడు మన కాలేజీలో చదువుతున్నాడు. పేరు రాయను. గురుకులంలో చదివి, నా తర్వాత ఏడాది సీటు తెచ్చుకున్నాడు. ఒక్క ఊరివాళ్ళమై ఉండీ మాకు సరిగ్గా పరిచయమైంది ఇక్కడే. "ఒరేయ్" అంటే "ఒరేయ్". ఒకడి చొక్కా ఒకడు తొడుక్కుంటాం. గణితంలో నాకంటే రెండు మెట్లు పైనే. పరీక్షల ముందు రాత్రి వాడు నాకు పాఠం చెబుతూ తిట్టే తిట్లు ఈ సంచికలో అచ్చువేయడానికి వీల్లేదు.

పోయిన సంక్రాంతి సెలవుల్లో వాడు మా ఇంటికి వచ్చాడు, కెమిస్ట్రీ నోట్సు కోసం. నేను వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నాను. పక్కన ప్లాస్టిక్ కుర్చీలు మూడు ఒకదాని మీద ఒకటి వేసి ఉన్నాయి. వాడు మెట్ల కింద ఆగాడు. మా నాన్న లోపల్నుంచి వచ్చి వాళ్ళ నాన్న సంగతి అడిగాడు. మా రెండెకరాలు వాళ్ళు కౌలుకు చేస్తున్నారు. తర్వాత వాడు నా వైపు తిరిగి, "మీరు ఎప్పుడు బయల్దేరతారు?" అన్నాడు. నేను "ఆదివారం. నువ్వు?" అన్నాను. మా అమ్మ టీ తెచ్చింది. నాకు స్టీలు గ్లాసులో, వాడికి పేపరు గ్లాసులో. వాడు నిలబడే తాగి, గ్లాసు నలిపి కుండీ పక్కన పడేసి, నోట్సు తీసుకుని వెళ్ళాడు. పావుగంట. ఆ పావుగంటలో నాకు ఏమీ అనిపించలేదు. ఎవరైనా ఫొటో తీసి ఉంటే అందులో ఒక్క మనిషి కూడా ఇబ్బందిగా కనిపించడు. వేదిక మీది పెద్దలు కోరిన సహజత్వం సంపూర్ణంగా ఉంది.

సెలవులయ్యాక కాంటీనులో ఇద్దరం టీ చెప్పాం. ఇక్కడ అందరికీ పేపరు గ్లాసులే కదా. వాడు నా గ్లాసు నా ముందుకు జరిపి, "ఇక్కడ నీక్కూడా ఇదేరా" అని నవ్వాడు. కోపం లేదు, ఎత్తిపొడుపూ అంతగా లేదు. ఆ టీ నేను ఎలా తాగానో నాకు తెలుసు.

గ్లాసు దగ్గర ఇంత రాద్ధాంతమా అనేవాళ్ళు ఉంటారు. నేనూ ఒకప్పుడు అనేవాణ్ణే. చుండూరు మా ఊరికి ఎంతో దూరం కాదు. అక్కడ 1991లో సినిమా హాల్లో ఒక దళిత విద్యార్థి కాలు ముందు సీట్లో కూర్చున్నవాడికి తగిలిందన్న దగ్గర గొడవ మొదలైంది. ఆగస్టు 6న 8 మంది దళితులను చంపారు. నేను పుట్టకముందు సంగతి. మా ఇంట్లో దాని గురించి ఎవరూ మాట్లాడగా వినలేదు, లైబ్రరీలో చదివి తెలుసుకున్నాను. కాలు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ కూర్చోవాలి, ఏ గ్లాసులో తాగాలి అన్నవి చిన్న విషయాలే అయితే అంత పని ఎందుకైంది? రాజ్యాంగం 17వ అధికరణం 1950 నుంచి అమలులో ఉంది. టీ కొట్లలో రెండు రకాల గ్లాసులు చట్టప్రకారం నేరమని అందరికీ తెలుసు. తెలిసే, మా ఊళ్ళో పేపరు గ్లాసు దారి కనిపెట్టారు. వాడి పారేసేదానికి మైల ఉండదు, కేసూ ఉండదు.

మా అమ్మను అడిగాను. "పేపరు గ్లాసైతే కడిగే పనుండదు గదరా" అన్నది.

"మరి నాకు స్టీలు గ్లాసెందుకు?"

"నువ్వు ఇంట్లో మనిషివి."

"మొన్న మామయ్య స్నేహితుడొస్తే ఆయనక్కూడా స్టీలు గ్లాసే గదా?"

ఆవిడ పొయ్యి మీద పాలున్నాయని లోపలికి వెళ్ళింది.

మా నాన్న దాటవేయలేదు. "నువ్వు కొత్తగా మర్యాదలు మొదలుపెడితే వాడే ఇబ్బందిపడతాడు. ఎవరి అలవాటు వాళ్ళకి సహజం. లేనిపోనిది నెత్తికెత్తుకోబాక" అన్నాడు. మా నాన్న చెడ్డవాడు కాదు. కౌలు బస్తాల దగ్గర తుఫాను ఏడాది ఆయన వదులుకున్నంత మా ఊళ్ళో ఎక్కువమంది వదులుకోలేదు. అందుకే ఆ మాటకు జవాబు చెప్పడం నాకు కష్టమైంది. ఆయన చెప్పిందీ, స్వాగత సభలో పెద్దలు చెప్పిందీ ఒకటే మాటని మాత్రం తర్వాత తట్టింది.

మొన్న దసరాకు వాడు మళ్ళీ వచ్చాడు, నేనే రమ్మన్నాను. ముందే కుర్చీ వేసి ఉంచాను. "కూచోరా" అన్నాను. నా గొంతు నాకే నాటకంలో పాత్రధారి గొంతులా వినిపించింది. వాడు ఒక్క క్షణం మా నాన్న వైపు చూసి కుర్చీ అంచున కూర్చున్నాడు, లేవడానికి సిద్ధంగా. టీ నేనే తెచ్చాను, రెండు స్టీలు గ్లాసుల్లో. గడప దగ్గర కొంత ఒలికింది. మా నాన్న గేదెల దగ్గరికని వెళ్ళిపోయాడు. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. హాస్టల్లో తెల్లవార్లూ మాట్లాడుకునే మాకు మాట దొరకలేదు. నా జీవితంలో అంత కృత్రిమమైన పావుగంట ఇంకొకటి లేదు.

వీధి మలుపు దాకా సాగనంపడానికి వెళ్తే వాడు, "ఎందుకురా ఇదంతా?" అన్నాడు. వాడికి నచ్చుతుందనుకున్నాను. "ఉగాదికి కౌలు మళ్ళీ మాట్లాడుకోవాల మేం. నీకు ప్రయోగం. మాకు రెండెకరాలు" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. కౌలు సంగతి నేను ఆలోచించనే లేదు. ఆ రాత్రి మా నాన్నతో, కుర్చీ వేసింది నేను, వాళ్ళ కౌలు జోలికి దీన్ని తీసుకురావద్దని చెప్పాను. ఆయన "నన్ను అట్టాంటోణ్ణనుకున్నావా?" అన్నాడు. అలాంటివాడు కాడనే నా నమ్మకం. ఉగాదికి తెలుస్తుంది.

నా అభిప్రాయం ఇంతవరకు వచ్చింది. సహజంగా ఉండమని చెప్పేవాళ్ళు, కుర్చీలో ఉన్నవాడికి చెబుతున్నారా, మెట్ల కింద ఉన్నవాడికి చెబుతున్నారా అన్నది ముందు తేల్చుకోవాలి. కుర్చీలో ఉన్నవాడు కొన్నాళ్ళు అసహజంగానే ఉండక తప్పదు. ఆ ఇబ్బంది వాడు పడవలసిందే, అవతలివాడి మీదికి నెట్టకూడదు. నేను దసరా నాడు సగం నెట్టాను. బ్యూరెట్‌తో నా మొదటి రీడింగులు ఒక్కటీ పనికిరాలేదు. డిమాన్‌స్ట్రేటర్ గారు అవన్నీ కొట్టేసి మళ్ళీ చేయమన్నారు. మళ్ళీ చేశాను.

మా వీధి నుంచి వాళ్ళ వీధికి కాలవ మీద వంతెన దాటితే ఆరు నిమిషాల నడక. ఈ ఇరవై ఏళ్ళలో వాడూ, వాళ్ళ నాన్నా, వాళ్ళ తాతా ఎన్ని వందలసార్లు ఆ వంతెన దాటి మా ఇంటికి వచ్చారో లెక్కలేదు. నేను ఒక్కసారి కూడా అటు వెళ్ళలేదు. ఈ సంక్రాంతికి మీ ఇంటికి వస్తానని పోయిన వారం వాడికి చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "వచ్చేముందు ఫోన్ చెయ్యి. మా అమ్మ కంగారు పడుద్ది" అన్నాడు.